తలిదండ్రుల యండలేని విద్యార్థి: ద్రవ్యసహాయార్హత చరిత్రము



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు విద్యావిషయమున నొక చరిత్రవ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. రాజుల చరిత్రము నాకు స్వల్పముగా దెలియును. దరఖాస్తుల చరిత్రము బాగుగా దెలియును. ఏటేట వందలకొలది విద్యార్థుల దరఖాస్తులపై సంతకములు చేసితిని. ఆ కాగితములన్నిటను మొదట నుండు గడి యొక్కటే: తండ్రి పేరు, తండ్రి యాదాయము. ఆ గడిని నింపజాలని విద్యార్థి గతి యేమి? ఈ ప్రశ్నమే యీ వ్యాసమునకు వస్తువు.

ఇది నేడు పుట్టిన ప్రశ్నము కాదు. ఛాందోగ్యోపనిషత్తునందలి నాలుగవ యధ్యాయమున సత్యకాముని కథ గలదు. గురుకులమునకు బోవ నెంచిన యా బాలుడు తన గోత్రమేదని తల్లియగు జబాల నడిగెను. పెక్కు చోట్ల పరిచర్యలు చేసికొనుచు యౌవనమున నిన్ను గంటిననియు, నీ గోత్రము నాకు దెలియదనియు, నీవు సత్యకామ జాబాలుడవని చెప్పుకొనుమనియు నామె చెప్పెను. బాలుడు హారిద్రుమతుడగు గౌతముని కడకేగి, తల్లి చెప్పినది చెప్పినట్లు విన్నవించెను. సత్యమునుండి తొలగని వీడు విద్య కర్హుడని గురువు వానిని శిష్యునిగా గైకొని, బక్కచిక్కిన 400 గోవుల నప్పగించెను. అవి వేయి యగువరకు మరలిరానని చెప్పి బాలుడు వానిని తోలుకొని పోయెను. తండ్రి పేరు చెప్పలేని విద్యార్థి విషయమున నా యాచార్యుడు విచారించినవి రెండే: వీడు నిజము చెప్పుచున్నాడా? పని చేయగలడా? నేటి దరఖాస్తులలో నీ రెండు గడులును నాకు గానరాలేదు.

మన తెలుగుదేశమున పూర్వము పేదవిద్యార్థి వారములు చేసికొని చదువుకొనెడివాడు. వారమున కేడు దినములు. ఏడు దినముల కేడిండ్లు. ఆదివారమొక యింట, సోమవారమొక యింట భోజనము చేసి, రాత్రి యేదో యరుగుపై బండుకొని, పగలు గురువుగారియొద్ద పాఠము చెప్పుకొనెడివాడు. మధుకరమెత్తి తెచ్చుకొన్న యన్నముతో చదివినవారును గలరు. నాకు సంస్కృతము చెప్పిన గురువుగారు వారములు చేసికొని చదివినవారే. “మంగళవారపు టింట పెరుగు గట్టిగా నుండెడిది, అందుచే మంగళవారమునాటి పాఠము నాకు బాగుగా వచ్చెడిది” అని నవ్వుచు జెప్పెడివారు. అన్నము పెట్టిన యిల్లాలు “మీ నాయనకు సాలున కెంత వచ్చును?” అని యడుగలేదు. ఆకలిగొన్న బాలుడు వాకిట నిలిచియుండుటయే యామెకు చాలిన ప్రమాణము. అయినను సత్యము చెప్పవలయును. ఆ వాకిండ్లు కొందఱికే తెరచియుండెను. కులముచేత నా యరుగుపై కాలు మోపరాని బాలుడు తండ్రిలేనివాడైనను, ఎంత బుద్ధిమంతుడైనను, ఆ వారముల లెక్కలో జేరలేదు. మన పూర్వుల యౌదార్యమును బొగడునప్పు డీ లోపమును మఱువరాదు.

ప్రజాజీవితమున ప్రసిద్ధులగు నిరువురిని దృష్టాంతముగా గైకొందము. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారు (1872–1957) బాల్యముననే తండ్రిని గోల్పోయిరి. తల్లి సుబ్బమ్మగా రొంగోలున పూటకూళ్ళయిల్లు నడపి బిడ్డలను పెంచిరి. మిషను పాఠశాలయం దుపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు వారిని చేరదీసి రాజమహేంద్రవరమునకు దీసికొనిపోయి చదివించిరి. డాక్టరు అంబేడ్కరుగారి తండ్రి 1913 ఫిబ్రవరిలో గతించెను. ఆ సంవత్సరముననే బరోడా మహారాజగు సయాజీరావు గాయిక్వాడుగారి విద్యార్థివేతనముతో నాయన న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున బ్రవేశించెను. చదువు ముగిసిన పిమ్మట పదియేండ్లు సంస్థానమునకు సేవ చేయవలయు ననునదే యందలి ముఖ్యమైన కట్టుబాటు. ఈ యిరువురి విషయమునను దాత విద్యార్థి ముఖమును జూచెను. విద్యార్థి వెనుక తండ్రి నిలిచియున్నాడా లేడా యని చూడలేదు.

కాని దాత యొక్కడైనప్పుడు నడచు పద్ధతి, దాత ప్రభుత్వమైనప్పుడు నడవదు. లక్షలకొలది విద్యార్థులకు ద్రవ్యము పంచునప్పుడు ముఖము చూచుట సాధ్యము గాదు; నియమము కావలెను. నియమమునకు కాగితము కావలెను. మన దేశమున షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను తరువాతి చదువులకై 1944లో విద్యార్థివేతనపు పథకము ప్రారంభమైనది. దానిచే చదువుకొన్న కుటుంబము లసంఖ్యాకములు. అయినను 2010 నాటి దాని నియమములలో నొకదానిని గమనింపుడు. తలిదండ్రులలో నొక్కరైనను జీవించియున్నంతకాలము వారి యాదాయమునే లెక్కింపవలయును. వివాహితయై యుద్యోగము లేని విద్యార్థినికి భర్త యాదాయమును లెక్కింపవలయును. జీవించియుండుటయే యిచట ప్రమాణము. ఆ జీవించియున్న తండ్రి యింట నున్నాడా, బిడ్డకు పిడికెడు గింజలు పెట్టుచున్నాడా యను విచారణ యా వాక్యమున లేదు.

ఇది వట్టి తర్కము కాదు. 1994వ సంవత్సరమున నాయొద్ద పదవతరగతి చదివిన బాలిక యొకతె మంచి మార్కులతో నుత్తీర్ణురాలయ్యెను. తండ్రి యామె చిన్నతనముననే యిల్లు విడిచి వేఱొక యూరిలో వేఱొక సంసారము పెట్టుకొనెను. తల్లి కుట్టుమిషనుతో బ్రతుకు నీడ్చుచుండెను. ఒక విద్యానిధికి నేనే దరఖాస్తు వ్రాయించి పంపితిని. తండ్రి యాదాయపత్రమును, సంతకమును గావలెనని బదులు వచ్చెను. ఆ యూరు వెదకికొనిపోయి యాయనను గలిసికొంటిని. “సంతకము చేసినచో రేపు ఖర్చులకు నామీదికి వత్తురు, నేను చేయను” అని యాయన తలుపు వేసికొనెను. ఆ సంగతియే నిధివారికి విన్నవింపగా, “తండ్రి పోయినచో మరణపత్రము తెండు, ఉన్నచో నాదాయపత్రము తెండు” అనిరి. పోయినవాడు గాడు, ఉన్నవాడును గాడు. అట్టి తండ్రికి పత్రమిచ్చు కచేరీ యేది? ఆ బాలిక రెండేండ్లు బట్టలకొట్టున పనిచేసి, తరువాత చదువు సాగించెను. ఇందు నా తప్పును గలదు. ఆ సంవత్సరపు రుసుము నా రెండు నెలల జీతమునకు మించినది గాదు. కాగితము నేడు వచ్చును, రేపు వచ్చునని నేనును వేచియుంటిని. ప్రవేశపు గడువు వేచియుండలేదు.

ఈ చిక్కును గూర్చి చట్టమూలమున దీర్ఘకాలము తర్జనభర్జన చేసిన దేశము అమెరికా సంయుక్తరాష్ట్రము. మన బంధువులనేకు లచట స్థిరపడియున్నారు. వారి బిడ్డ లచటి కళాశాలలలో చదువుచున్నారు. కావున నా చరిత్రము మనకు రెండు విధముల నుపయోగపడును.

1944 జూన్ 22వ తేదీన అధ్యక్షుడు రూజ్వెల్టు యుద్ధమునుండి మరలివచ్చు సైనికుల నిమిత్తమొక చట్టముపై సంతకము చేసెను. దానినే జీ.ఐ. బిల్లందురు. చదువుకొనగోరు సైనికునికి సంవత్సరమునకు 500 డాలరులవరకు కళాశాలా రుసుములును, గ్రాసమునకు నెలకు 50 డాలరులును నందిచ్చిరి. భార్యాబిడ్డలు గలవానికి హెచ్చుగా నిచ్చిరి. అందు తండ్రి యాదాయపు ప్రసక్తి లేదు; సేవ చేసితివా యనునదే ప్రశ్నము. సుమారు 22 లక్షలమంది దానిచే కళాశాలలలో జదివిరి. నల్లజాతి సైనికులలో ననేకులకు మాత్రము వర్ణభేదము పాటించు కళాశాలల వాకిండ్లు మూసియేయుండెను. మన వారముల యరుగున జూచిన లోపమే యచటను గానవచ్చుచున్నది.

ఆ పిమ్మట తలిదండ్రుల శక్తిని గణించు పద్ధతి యేర్పడెను. 1954లో కళాశాలా పరీక్షల మండలివా రొక ప్రత్యేకశాఖను నెలకొల్పి, ఏ కుటుంబమెంత భరింపగలదో లెక్కగట్టి కళాశాలలకు దెలుపసాగిరి. దీని యుద్దేశము మంచిదే. ఉన్నవాని బిడ్డకు పోవు ధనమును లేనివాని బిడ్డకు మరల్చుటకై యా లెక్క పుట్టినది. బిడ్డ చదువు మొదట తలిదండ్రుల ధర్మమే. వారు చేయజాలని మేరకే యితరులు పూనుకొనవలయు ననునది దానికి మూలసూత్రము. నేటికిని నదియే మూలసూత్రము.

1965 నవంబరు 8వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సను ఉన్నతవిద్యాచట్టముపై సంతకము చేసెను. రాజధానిని విడిచి, తాను చదివిన సాన్ మార్కస్ కళాశాలకు వచ్చి యచట సంతకము చేసెను. చదువుకొను దినములలో నాయన యా కళాశాలలోనే ఊడ్చు పని మొదలగు పనులు చేసి పొట్ట పోసికొన్నవాడు; నడుమ చదువాపి, కొటుల్లా యను నూరి బడిలో నిరుపేదలగు మెక్సికను బాలురకు బోధించినవాడు. ఆ బడిని దలచుకొని చేసిన చట్టమది. 1972లో చేసిన సవరణములచే పేదవిద్యార్థికే నేరుగా జెందు నుచితవేతన మేర్పడెను. 1973–74లో దాని గరిష్ఠపరిమాణము 452 డాలరులు. 1980లో శాసనసభ్యుడగు క్లెయిబోర్ను పెల్లు పేర నది పెల్ గ్రాంటయ్యెను. 2024–25లో దాని గరిష్ఠపరిమాణము 7,395 డాలరులు.

ఇంతలో 1971లో నచట పదునెనిమిదేండ్లవారికి వోటుహక్కు వచ్చెను. అధ్యక్షు నెన్నుకొనగలవాడు తండ్రి చాటు బిడ్డ యెట్లగును? ఈ ప్రశ్నమునకు బదులుగా విద్యార్థులను రెండు తెగలుగా విభజించిరి: తలిదండ్రుల యాదాయమును లెక్కింపవలసిన ఆశ్రితవిద్యార్థి, లెక్కింపనక్కఱలేని స్వతంత్రవిద్యార్థి. మొదట స్వతంత్రత కుంచిన పరీక్షలు మూడు. తలిదండ్రులు పన్నులెక్కలలో వానిని తమ పోష్యునిగా జూపియుండరాదు. వాడు కొన్ని వారములకు మించి వారి యింట నుండరాదు. కొన్ని వందల డాలరులకు మించి వారినుండి సాయము పొందరాదు. చదువున కివి తేలికగానే యుండును. కాని యింట నెన్ని దినము లుండెనో యెవరు లెక్క బెట్టగలరు? కలిగినవారు కొందఱు తమ బిడ్డను కాగితముపై వేఱుచేసి ధర్మము పొందుదురేమో యను శంక యొకవైపు. నిజముగా వేఱైనవాడు ఋజువు చూపలేక నలుగుట మఱియొకవైపు.

1986లో నీ నిర్వచనమును చట్టముననే వ్రాసిరి. 24 ఏండ్లు నిండినవాడు స్వతంత్రుడు. అంతకు దక్కువ వయస్సు గల యవివాహితుడు, తలిదండ్రులు తనను పోష్యునిగా జూపలేదనియు, తనకు సాలునకు 4,000 డాలరుల స్వంతవనరులు గలవనియు రెండేండ్లకు ఋజువు చేయవలెను. ఇందలి వైపరీత్యమును గనుడు! నాలుగువేలు చూపగలవాడు నిరాధారుడని సాయము పొందును. ఏమియు చూపలేనివాడు తలిదండ్రుల చాటువాడని త్రోయబడును. 1992లో నా పరీక్షను దీసివేసి, కంటికి గానవచ్చు గుఱుతులను నిలిపిరి: వయస్సు, వివాహము, బిడ్డలను పోషించుట, సైనికసేవ, పట్టభద్రానంతర విద్య, తలిదండ్రులిరువురును లేకుండుట, న్యాయస్థానపు రక్షణయందుండుట. ఇందే గుఱుతునకును జేరనివాని సంగతిని కళాశాలయందలి ద్రవ్యసహాయాధికారి విడిగా విచారించి తీర్పవచ్చునని యధికార మొసగిరి.

2007లో చేసిన చట్టమింకను ముందునకు సాగినది. 13 ఏండ్లు నిండిన తరువాత నెన్నడైనను ననాథయైనవానికిని, పోషకగృహమున బెరిగినవానికిని, చట్టబద్ధుడగు సంరక్షకుని చేతిలో నున్నవానికిని, తోడు నీడ లేక నిలువనిల్లు లేక తిరుగు బాలునికిని స్వతంత్రత గలదని నిర్ణయించిరి. 2020 డిసెంబరు 27వ తేదీన సంతకమైన చట్టము తలిదండ్రులు విడిచివేయుట, వారితో సంబంధము తెగిపోవుట, వారు కారాగృహమున నుండుట, మనుష్యవిక్రయమునకు గుఱియగుట, శరణార్థియగుట మున్నగువానిని పేరుపేరున నుదాహరించెను. అట్టి విద్యార్థి తన స్థితిని దెలిపి, తలిదండ్రుల వివరములు లేకయే తాత్కాలికస్వతంత్రునిగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. చేరిన 60 దినములలోపల కళాశాలవారు తీర్పు చెప్పవలెను. ఇట్టి విన్నపములను మేము వినమని యే కళాశాలయు నియమము చేసికొనరాదు. ఒకమా రొప్పుకొన్నచో, స్థితి మారనంతవఱకు నా కళాశాలలో నేటేట మరల ఋజువు చూపనక్కఱలేదు. న్యాయస్థానపు పత్రము, శిశుసంక్షేమశాఖవారి లేఖ, న్యాయవాది లేఖ మాత్రమే గాక, విద్యార్థితో జరిపిన సంభాషణము వ్రాసియుంచినదియు ప్రమాణముగా జెల్లును. హారిద్రుమతుడు బాలుని మాటను విని నిర్ణయించిన పద్ధతికి, వేలకొలది సంవత్సరముల పిమ్మట, ఒక చట్టము మరల దగ్గఱకు వచ్చినదని నాకు దోచుచున్నది.

ఆ చట్టము వదలని పట్టును గూడ చెప్పవలెను. తలిదండ్రు లిచ్చుట కిష్టపడకుండుట, వివరములు తెలుపకుండుట, పన్నులెక్కలలో చూపకుండుట, విద్యార్థి స్వయముగా సంపాదించుకొనుచుండుట, ఈ నాలుగును వానియంతట వానిచే స్వతంత్రతకు చాలవు. ఇది కఠినముగా దోచును. కాని “నేనీయను” అని తండ్రి యన్నంతనే నిధి తెరచుకొన్నచో, కలిగిన తండ్రులందఱును నామాట యనరా? అట్టి బిడ్డకు ధర్మము గాక, వడ్డీతోడి ఋణము మాత్రము దొరకు త్రోవను చట్టముంచినది. ఈయలేనివాడు, ఈయనివాడు, లేనేలేనివాడు, ఈ మువ్వురు తండ్రులను వేఱువేఱుగా గుర్తించుటకే యా దేశమున కర్ధశతాబ్దము పట్టినది.

అచట నున్న మనవారి కొక మాట. ఇచటినుండి విద్యార్థి వీసాపై బోవువారి కీ కేంద్రప్రభుత్వసహాయము వర్తింపదు. పౌరులకును, శాశ్వతనివాసార్హత గలవారికిని, చట్టము పేర్కొన్న మఱికొందఱికిని మాత్రమే వర్తించును. మన బంధుకుటుంబములలో నెచటనైనను బిడ్డ తలిదండ్రులకు దూరమై, భయముచేతనో యవమానముచేతనో చదువు మానుకొనుచున్నచో, పరువునకు జంకి మౌనము వహింపకుడు. కళాశాలయందలి ద్రవ్యసహాయాధికారి యొద్దకు వానిని బంపుడు. మీ రెఱిగిన నిజమును లేఖగా వ్రాసి యిండు.

ఇక మన యింటి మాట. మన సంఘ విద్యానిధి దరఖాస్తును నేను మరల జదివితిని. 1994లో నా శిష్యురాలిని నిలిపివేసిన గడియే మన కాగితమునను మొదట నున్నది. కావున నీ మహాసభ కీ విన్నపములు చేయుచున్నాను. తండ్రి పేరునకు మాఱు “నిన్ను పోషించువా రెవరు?” అని యడుగుదము. తలిదండ్రుల పత్రము దొరకనిచోట, విద్యార్థి నెఱిగిన యుపాధ్యాయునిదో గ్రామమునందలి పెద్దదో నిజలేఖను స్వీకరింతము. విచారణ ముగియువఱకు మొదటి విడత రుసుమును ముందుగా జెల్లింతము. ఏలయన బడి గడువు మన సమావేశములకై నిలువదు. ఒకమారు నిర్ణయించిన పిమ్మట, ఏటేట నా బిడ్డచేత తన కుటుంబకష్టమును నలుగురిలో జెప్పింపకుందము. కలిగియుండియు నీయని తండ్రి బిడ్డకు మాత్రము ఋణముగా నిచ్చి, యుద్యోగము వచ్చిన పిమ్మట దీర్పించుకొందము. ఇందుచే నిధి ధనము దుర్వినియోగము గాదు. అర్హుడును ద్వారమునుండి మరలిపోడు.

పోషకమహాశయులారా! మీరొసగు ప్రతిరూపాయికిని లెక్క యుండవలసినదే; కాగితము కావలసినదే. కాని కాగితము నిజమును దెలిసికొనుటకు సాధనము. నిజమునకు బదులు గాదు. తండ్రి బ్రతికియుండుట వేఱు, తండ్రి యండ యుండుట వేఱు. ఈ భేదము నెఱిగి నియమములు చేసికొన్ననాడు మన నిధి పేరునకు దగినదగును. వచ్చు మహాసభనాటికి మన దరఖాస్తునందలి మొదటి గడి మాఱియుండునని యాశించుచు, సభకు జయము గోరుచు విరమించుచున్నాను.

ఇట్లు,
బుధజనవిధేయుడు,
ఒక విశ్రాంతోపాధ్యాయుడు